కొత్త స్టవ్ వచ్చింది సరే, పాత పొయ్యి ఆరిందా?

ఏ ఇంటికి వెళ్లినా ముందు పాత పొయ్యి దగ్గర కూర్చుని బూడిద మీద చెయ్యి పెట్టి చూస్తాను. వెచ్చగా తగిలితే, పక్కన ఎంత మంచి స్టవ్ మెరుస్తున్నా ఆ ఇల్లు ఇంకా మారనట్టే లెక్క. ఇళ్లకు సోలార్ సెట్లు బిగించడం, పొయ్యి మార్చుకునేవాళ్లకు తోడుగా నిలవడం నా పని. ఒక వస్తువు కొనిపించడం తేలిక, దాన్ని వాడుకలో నిలబెట్టడమే కష్టం అని ఈ పనిలోనే తెలిసింది. అందుకే ఏ కంపెనీ స్టవ్ కొనాలో ఇక్కడ చెప్పను. కట్టెలు, బొగ్గు, కిరోసిన్ నుంచి ఇల్లు పూర్తిగా బయటపడాలంటే ఏ పని తర్వాత ఏ పని చేయాలో చెబుతాను.

ప్రపంచంలో ఇప్పటికీ 200 కోట్ల మందికి పైగా జనం పొగ మధ్యే వండుకుంటున్నారు. ఇంట్లో పొగ వల్ల 2020 ఒక్క ఏడాదిలోనే సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో ఐదేళ్లలోపు పిల్లలు 2 లక్షల 37 వేల మందికి పైనే. దగ్గుతో పోయే విషయమైతే ఇంతగా చెప్పేదాన్ని కాదు. గుండె జబ్బులు, పక్షవాతం, న్యుమోనియా, ఊపిరితిత్తుల జబ్బులు ఈ చావులకు కారణాలు.

"సగం వంట గ్యాస్ మీద, సగం కట్టెల మీద. కనీసం సగం లాభమైనా ఉంటుంది కదా?" అని అడుగుతుంటారు. అలా ఉండదు. పొగ దట్టంగా ఉన్నచోట దాన్ని సగానికి తగ్గించినా జబ్బు ముప్పు సగానికి తగ్గదు. పొగ చాలావరకు పోయాకే ఒంటికి అసలు మేలు మొదలవుతుంది. గాలిలోని సన్నటి ధూళి, అంటే పీఎం 2.5, ఏడాది సగటున ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. కట్టెలు మండే వంటింట్లో అది వందల్లో ఉంటుంది. గ్వాటెమాలలో పొగగొట్టం ఉన్న పొయ్యిలు ఇచ్చి పరీక్షిస్తే పిల్లలు పీల్చే కార్బన్ మోనాక్సైడ్, అంటే పొగలోని విషవాయువు, సగానికి తగ్గింది. తీవ్రమైన న్యుమోనియా తగ్గింది కానీ, మొత్తం న్యుమోనియా కేసులు తగ్గాయని గట్టిగా చెప్పేంత తేడా రాలేదు. మలావీలో ఫ్యాన్‌తో మండే మెరుగైన కట్టెల స్టవ్‌లు ఇచ్చినా పిల్లల న్యుమోనియాలో తేడా కనిపించలేదు. ఒడిశాలో మెరుగైన మట్టి పొయ్యిలు ఇచ్చి నాలుగేళ్లు గమనించారు. మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది, తర్వాత ఆ తేడా మాయమైంది. జనం వాటిని అప్పుడప్పుడే వాడారు, పాడైనప్పుడు బాగుచేసుకోలేదు.

కాబట్టి ఈ పద్ధతి అంతా ఒక్క లక్ష్యం చుట్టూ తిరుగుతుంది: పాత మంట ఆరిపోవాలి.

ముందు ఒక వారం రాసుకోండి

ఏదీ కొనకముందు ఒక నోట్‌బుక్ తీసుకోండి. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ ఎన్ని గంటలకు, దేనికోసం, ఏం కాల్చారు, ఎంతసేపు మండింది, అప్పుడు పక్కన ఎవరున్నారు అన్నది రాయండి. వండే మనిషే రాయాలి, లేదా ఆమె చెబితే ఇంకొకరు రాయాలి. ఇంటి పెద్ద ఊహించి రాస్తే లెక్క తప్పుతుంది.

వారం తిరిగేసరికి ఇంట్లోవాళ్లకే ఆశ్చర్యం కలుగుతుంది. పొయ్యి చేసే పనుల్లో వంట ఒకటి మాత్రమే. స్నానానికి నీళ్లు కాగుతాయి, పశువుల దాణా ఉడుకుతుంది, చలికాలంలో ఇల్లు వెచ్చబడుతుంది, తడి బట్టలు ఆరతాయి, పొగకి దోమలు పోతాయి, చీకట్లో కాస్త వెలుతురు వస్తుంది. కొత్త స్టవ్ అమ్మేవాళ్లు వంట గురించే మాట్లాడతారు. తెల్లవారుజామున నీళ్ల కోసం పొయ్యి వెలిగిస్తే, ఎలాగూ మండుతోంది కదా అని కూర కూడా దాని మీదకే వెళ్తుంది. నేను చూసిన ఇళ్లలో పాత పొయ్యి తిరిగి వెలగడానికి పెద్ద కారణం ఇదే.

అందుకే జాబితాలోని ప్రతి పనికీ విడిగా జవాబు వెతకండి. స్నానం నీళ్లకు సోలార్ వాటర్ హీటర్, అది కుదరకపోతే నల్లరంగు వేసిన ట్యాంకు. దోమలకు దోమతెర. దాణాకు ఆరుబయట, ఇంటికి దూరంగా వేరే పొయ్యి. దాణా పొయ్యిని ఒక్కసారిగా మాన్పించడం కుదరదు, కానీ దాన్ని గుమ్మం దాటించవచ్చు. పిల్లలకు అదే పెద్ద మేలు.

ఏ శక్తి అన్నది మీ దగ్గర ఏది ఆగకుండా దొరుకుతుందో చూసి తేల్చుకోండి

కరెంటు నమ్మకంగా ఉన్నచోట నా మొదటి ఓటు దానికే. మూడు రాళ్ల పొయ్యిలో కట్టెల వేడిలో 10 నుంచి 15 శాతమే గిన్నెకు అందుతుంది. గ్యాస్ స్టవ్ మీద సగం కంటే కాస్త ఎక్కువ, ఇండక్షన్ మీద 80 శాతం పైన. చాలాసేపు ఉడకాల్సిన గింజలు, పప్పులు ఎక్కువగా తినే ఇంటికి కరెంటు ప్రెషర్ కుక్కర్ ఇంకా మంచిది. అది సుమారు 1000 వాట్లు లాగుతుంది కానీ ఆవిరి పట్టాక ఎక్కువసేపు ఆగే ఉంటుంది. చుట్టూ వేడి పోకుండా పొర ఉంటుంది కాబట్టి ఒక పూట గింజలు అర యూనిట్ లోపే ఉడికిపోతాయి.

అయితే ఇండక్షన్ కొనే ముందు రెండు పరీక్షలు చేయండి. మీ గిన్నెల అడుగున అయస్కాంతం అంటించి చూడండి. అంటుకోకపోతే ఆ గిన్నె పనికిరాదు, అడుగు సమంగా లేకుండా ఉబ్బెత్తుగా ఉన్నా పనికిరాదు. కొత్త గిన్నెల ఖర్చు కూడా స్టవ్ ఖర్చే అనుకోండి. రెండోది వైరింగ్. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దీపాలకు వేసిన సన్నటి వైరు మీద, ఫోన్ చార్జింగ్ బోర్డు మీద దాన్ని పెడితే బోర్డు కరుగుతుంది. మీటర్ దగ్గర నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుతో విడి లైను, 16 ఆంపియర్ల ప్లగ్, లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్ (ఎంసీబీ), సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎర్తింగ్ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. తడి చేతులతో పనిచేసే చోటు అది. వాడటం మొదలుపెట్టిన పది నిమిషాల తర్వాత స్టవ్ ఆపి ప్లగ్ తాకి చూడండి. కాలుతుంటే వెంటనే వాడకం మానేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. సాయంత్రం అందరూ వండే వేళ వోల్టేజ్ ఎంత పడిపోతుందో కూడా ముందే కొలిపించుకోండి. మధ్యాహ్నం బాగా నడిచి రాత్రి మొరాయించే స్టవ్ ఇంటి నమ్మకాన్ని పోగొట్టుకుంటుంది.

గ్యాస్ అయితే స్టవ్ కంటే రీఫిల్ గురించి ఎక్కువ ఆలోచించాలి. భారతదేశంలో 2016 మేలో మొదలైన ఉజ్వల పథకం 2019 సెప్టెంబర్‌కల్లా 8 కోట్ల ఇళ్లకు కనెక్షన్ ఇచ్చింది. అంత పెద్ద పని అంత త్వరగా జరగడం గొప్ప విషయం. ఆ తర్వాత చాలా ఇళ్లలో సిలిండర్ అయిపోతే మళ్లీ నింపించే డబ్బు ఒకేసారి చేతిలో లేక కట్టెలు తిరిగి వచ్చాయి. ఇండోనేషియా 2007లో కిరోసిన్ నుంచి గ్యాస్‌కి మారేటప్పుడు 3 కిలోల చిన్న సిలిండర్లు పంచింది. ఎత్తడానికి తేలిక, ఒకసారికి పెట్టే డబ్బూ తక్కువ. మీ దగ్గర చిన్న సిలిండర్ దొరికితే సంకోచించకండి. పెద్దదే దొరికితే రోజూ వంట అయ్యాక కొంచెం డబ్బు ఒక డబ్బాలో వేయండి. కట్టెలకో బొగ్గుకో రోజూ పెట్టే ఖర్చు ఆ డబ్బాలోకి మళ్లితే చాలు. రెండో సిలిండర్ ఉంటే రీఫిల్ వచ్చేవరకు పాత పొయ్యి అవసరం పడదు.

సిలిండర్ నిలబెట్టే ఉంచాలి. కొత్తది బిగించిన ప్రతిసారీ రెగ్యులేటర్ దగ్గర, ట్యూబు పొడవునా సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి గాలి పోయే దారి నేల దగ్గర కూడా ఉండాలి. సిలిండర్‌ని గుంటలోనో నేలమాళిగలోనో పెట్టకూడదు. ట్యూబు మీద ముద్రించిన తేదీ దాటితే పైకి బాగానే కనిపించినా మార్చండి.

పశువులున్న ఇంటికి బయోగ్యాస్ చక్కటి దారి, కానీ లెక్క నిక్కచ్చిగా వేసుకోవాలి. కిలో పేడ నుంచి సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాస్, అంటే ఒక కుటుంబం వంటకు సరిపడా, కావాలంటే 50 కిలోల పేడ, దాదాపు అన్ని నీళ్లూ కలపాలి. నాలుగైదు పెద్ద పశువులు కొట్టంలోనే ఉండాలి, నీళ్లు దగ్గర్లో ఉండాలి. పగలంతా బయట మేసే పశువుల పేడ లెక్కలోకి రాదు. చలి 15 డిగ్రీల కిందకు పోయే చోట గ్యాస్ బాగా తగ్గుతుంది. నేపాల్‌లో 1992లో మొదలైన కార్యక్రమం లక్షల ఇళ్లకు బయోగ్యాస్ చేర్చింది. అక్కడ ప్లాంటు కట్టినవాళ్లే కొన్నేళ్లపాటు మరమ్మతుకి బాధ్యులు, కట్టుబడి సరిగ్గా లేకపోతే వాళ్లకు జరిమానా. మీరు ఎవరితో కట్టించుకున్నా ఆ షరతు కాగితం మీద రాయించుకోండి. ప్లాంటు నుంచి బయటికొచ్చే మడ్డి పొలానికి మంచి ఎరువు, దాన్ని పారబోయకండి.

ఇవేవీ ఇప్పట్లో కుదరకపోతే ఎండిన కట్టె, పొగగొట్టం, మూత పెట్టిన గిన్నె, నానబెట్టిన గింజలు. ఇవి పొగను తగ్గిస్తాయి, ఖర్చు తగ్గిస్తాయి, చెయ్యండి. కానీ దీన్ని మజిలీగానే చూడండి. "పొగలేని పొయ్యి" అని అట్ట మీద రాసినంత మాత్రాన అది అంతర్జాతీయ ప్రమాణాల పరీక్షలో పై స్థాయిలో నిలవదు. పరీక్ష ఫలితం చూపించమని అడగండి.

వెలుతురు: ఇక్కడ గెలుపు త్వరగా వస్తుంది

ఇంట్లో కరెంటు లేకపోతే మొదట మార్చాల్సింది దీపాన్ని. బుడ్డి దీపంలో కాలిన కిరోసిన్‌లో 7 నుంచి 9 శాతం నల్లటి మసిగా మారుతుంది. ఒళ్లు కాలడం, చిన్నపిల్లలు పొరపాటున కిరోసిన్ తాగడం వీటికి అదనం. సోలార్ దీపాలు వచ్చిన ఇంట్లో బుడ్డి దీపాన్ని చాలామంది మళ్లీ వెతుక్కోరు. వంట మార్పులో ఉన్నంత పోరాటం ఇక్కడ అలవాటుతో ఉండదు.

సోలార్ సెట్ (ప్యానెల్, బ్యాటరీ, దీపాలు) ఎంత పెద్దది కావాలో అమ్మేవాళ్లకు వదిలేయకండి, లెక్క మీరే వేయండి. ఉదాహరణకి 3 వాట్ల ఎల్ఈడీ దీపాలు మూడు, రోజుకు 5 గంటలు: 45 వాట్-అవర్లు (వాట్లని గంటలతో గుణిస్తే వచ్చేది). రెండు ఫోన్ల చార్జింగ్‌కి 20. డీసీ ఫ్యాన్ 15 వాట్లది 8 గంటలు: 120. మొత్తం 185. రోజుకు నాలుగున్నర గంటల పూర్తి ఎండ ఉందనుకుని, వైర్లు, బ్యాటరీ, దుమ్ము కలిపి 30 శాతం నష్టం తీసేస్తే దాదాపు 60 వాట్ల ప్యానెల్ కావాలి. బ్యాటరీకి ఒకటిన్నర రోజుల వాడకం లెక్కపెట్టండి: సుమారు 280 వాట్-అవర్లు, దాన్ని బ్యాటరీ మీద రాసే కొలతలో చెప్పాలంటే 12 వోల్టుల దగ్గర 23 ఆంపియర్-అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని, అంటే సీసం పలకలుండే మామూలు బ్యాటరీని, సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా చచ్చిపోతుంది కాబట్టి దాదాపు 50 ఆంపియర్-అవర్లది తీసుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ అయితే 30 చాలు. మీ లెక్కకీ అమ్మేవాళ్ల లెక్కకీ పెద్ద తేడా ఉంటే ఎందుకో అడగండి. వానాకాలంలో ఎండ తగ్గుతుంది కాబట్టి ఏడాదిలో అతి తక్కువ ఎండ ఉండే నెలతో లెక్క వేస్తేనే క్షేమం.

బిగించేటప్పుడు ఎక్కువగా తప్పేది వైరు దగ్గర. 12 వోల్టుల సెట్‌లో 10 మీటర్ల దూరానికి 1.5 స్క్వేర్ ఎంఎం వైరులో 5 ఆంపియర్లు పంపితే దారిలోనే ఒక వోల్టు పైగా పోతుంది. అదే 4 స్క్వేర్ ఎంఎం వేస్తే అర వోల్టు కూడా పోదు. దీపం మసకగా వెలిగితే అందరూ బ్యాటరీని తిడతారు, తప్పు చాలాసార్లు ఆ సన్నటి వైరుది. ప్యానెల్ ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉత్తరానికి చూడాలి. వాలు మీ చోటి అక్షాంశానికి దగ్గరగా ఉండాలి. భూమధ్యరేఖ పక్కనున్నా కనీసం 10 డిగ్రీల వాలు ఉంచండి, వానకి దుమ్ము కడుక్కుపోతుంది. ఒక మూల చెట్టు నీడ పడినా ప్యానెల్ మొత్తం మీద దెబ్బ పడుతుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడ ఎక్కడ పడుతుందో చూశాకే చోటు ఖాయం చేయండి.

ఇంకొక సంగతి. ఈ సైజు సోలార్ సెట్ మీద వంట జరగదు. పైన లెక్కలో ఇల్లంతటి రోజు వాడకం 185 వాట్-అవర్లు. 1000 వాట్ల స్టవ్ గంట మండితే 1000 అవుతుంది. "సోలార్ పెట్టించాం, ఇక పొయ్యి ఎందుకు" అని ఆశపడినవాళ్లు నిరాశపడటం చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఈ మాట వాళ్లకు ముందే చెప్పాల్సింది.

డబ్బు, నిర్ణయం

పొగ పీల్చేది ఒకరు, డబ్బు తీసేది ఇంకొకరు అయిన ఇళ్లలో ఈ మార్పు ఆగిపోతుంది. బంగ్లాదేశ్‌లో చేసిన ఒక పరిశోధనలో మెరుగైన పొయ్యి కావాలని ఆడవాళ్లు ఎక్కువగా కోరుకున్నారు, కొనే అధికారం మాత్రం వాళ్ల చేతిలో లేదు. కాబట్టి ఆ వారం నోట్‌బుక్‌ని ఇంట్లో అందరి ముందూ తెరవండి. కట్టెలకు పోయిన గంటలు, కొన్న బొగ్గు, కిరోసిన్ ఖర్చు, ఫోన్ చార్జింగ్‌కి బయట ఇచ్చింది, అన్నీ కూడండి. కాగితం మీద అంకె కనిపిస్తే మాట మారుతుంది.

డబ్బంతా ఒకేసారి పెట్టమంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఉగాండాలో మెరుగైన పొయ్యిని నగదుకి అమ్మితే 4 శాతం మంది కొన్నారు. కొన్నాళ్లు ఉచితంగా వాడుకోనిచ్చి తర్వాత వాయిదాల్లో కట్టమంటే 46 శాతం మంది కొన్నారు. బంగ్లాదేశ్‌లో 2003 నుంచి 2018 వరకు 41 లక్షల ఇళ్లకు సోలార్ సెట్లు చేరింది వాయిదాల దారిలోనే. కెన్యాలో మొబైల్ డబ్బుతో రోజువారీ చిన్న మొత్తాలు కట్టే పద్ధతి పాతుకుంది. మీరూ అడగండి: కొన్నాళ్లు వాడి చూడనిస్తారా? నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా? వాయిదా ఆలస్యమైతే సెట్‌ని ఆపేస్తారా, ఎన్ని రోజుల తర్వాత? మొత్తం కట్టేది నగదు ధర కంటే ఎంత ఎక్కువ? చివరి ప్రశ్నకి నోటితో వచ్చిన జవాబుని నమ్మవద్దు, రాయించుకోండి. పాడైతే ఎవరు వస్తారు, ఎంత దూరం నుంచి, స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయి అన్నది కొనకముందే తెలియాలి. బాగుచేసే మనిషి దగ్గర్లో లేని మంచి వస్తువు కంటే, ఉన్న మామూలు వస్తువునే నేను కొనమంటాను.

మొదటి నెల

కొత్త స్టవ్ మీద మొదటి రోజు టీ కాచి ఊరుకోకండి. ఇంట్లో అందరికంటే ఎక్కువమందికి వండే పూటని, అన్నిటికంటే కష్టమైన వంటని మొదటి వారంలోనే దాని మీద చేయండి. "అది దీని మీద రాదు" అనే మాట అక్కడే పుడుతుంది, అక్కడే తేలిపోవాలి. మంట ఎంత పెట్టాలి, గిన్నె ఏది అన్నది చేతికి అలవాటు కావడానికి కొన్ని పూటలు పడుతుంది, అంతవరకు రుచి తేడా వస్తే ఎవరూ వంట చేసేవాళ్లని అనకూడదు. ఇంట్లో పెద్దావిడకి పాత రుచి మీద పట్టింపు ఉంటే ఆమె చేతే వండించండి. పక్కింట్లో ఇప్పటికే బాగా వాడుతున్నవాళ్లు ఉంటే ఒక పూట వచ్చి చూపించమనండి. నేను గంటసేపు చెప్పినదాని కంటే అది బాగా పనిచేస్తుంది.

కరెంటు పోయిన రోజు, గ్యాస్ అయిపోయిన రోజు ఏం చేస్తారో ఇప్పుడే నిర్ణయించుకోండి. ఒకే దారి మీద ఆధారపడిన ఇంటికి మొదటి ఆటంకంతోనే కట్టెలు గుర్తొస్తాయి. కరెంటు స్టవ్‌కి తోడు చిన్న గ్యాస్ సిలిండర్, గ్యాస్‌కి తోడు కరెంటు కుక్కర్, ఇలా రెండూ పొగలేనివే అయితే టెన్షన్ ఉండదు.

పాత పొయ్యిని వెంటనే పగలగొట్టమని నేను చెప్పను. నెలపాటు నోట్‌బుక్ కొనసాగించండి. ఎప్పుడు వెలిగింది, ఎందుకు అన్నది మాత్రమే రాస్తే చాలు. ఆ కారణాలు ఒక్కొక్కటిగా తీర్చండి. వరసగా రెండు వారాలు ఏమీ రాయాల్సిన అవసరం పడకపోతే దాన్ని తీసేసి ఆ చోట గిన్నెల అరో, నీళ్ల బిందెల గట్టో పెట్టండి. చోటు ఖాళీగా ఉంచితే పొయ్యి తిరిగి వస్తుంది.

ఆ తర్వాత కావాల్సింది కాస్త శ్రద్ధ. ప్యానెల్‌ని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో తుడవండి, ఎండకు కాగిన గాజు మీద చల్లటి నీళ్లు పోయకండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. చార్జింగ్ అయ్యేటప్పుడు అందులోంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడేచోట, నిప్పుకి దూరంగా, పిల్లలకు అందకుండా పెట్టండి. గ్యాస్ బర్నర్ మంట పసుపుగా మారి గిన్నెకి మసి అంటుతుంటే రంధ్రాలు శుభ్రం చేయండి. కొన్నేళ్లకు బ్యాటరీ చచ్చిపోతుంది. అప్పుడు దాన్ని ఇంటి దగ్గర ఎవరి చేతా పగలగొట్టించకండి, సీసం కరిగించనివ్వకండి. ఆ సీసం ధూళి పెరట్లోని మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోయి పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. కొత్త బ్యాటరీ కొనేటప్పుడే పాతది వెనక్కి తీసుకుంటామని షాపు వాళ్ల దగ్గర రాయించుకోండి, దాన్ని నిటారుగా, యాసిడ్ ఒలకకుండా తీసుకెళ్లి వాళ్లకే ఇచ్చేయండి.